పెరుగు వడ్డించేదాకా

మా ఆయనకు టీ పెట్టడం వచ్చు. గుడివాడలో మా అద్దె వాటాలో పొద్దున్నే స్టవ్ వెలిగించేది ఆయనే. నేను స్కూలుకు తయారయ్యేలోపు అల్లం దంచి టీ కాచి, నా గ్లాసు మీద మూత పెట్టి ఉంచుతారు. బెండకాయలు నాకన్నా సన్నగా తరుగుతారు. వాషింగ్ మెషీన్‌లోంచి బట్టలు తీసి, ఒక్కొక్కటీ దులిపి, డాబా మీద ఆరేసి వస్తారు. పక్క వాటా ఆవిడ మొదట్లో ముసిముసిగా నవ్వేది, తర్వాత తన మొగుణ్ణి కూడా బట్టల బకెట్ ఇచ్చి డాబా మీదికి తోలడం మొదలుపెట్టింది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది విని ఆయన్ని రాక్షసుడనుకుంటారేమోనని. రాక్షసుడైతే నాకు ఇంత తంటా ఉండేది కాదు. తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఈ గుణాలన్నీ గుడివాడ వరకే. శనివారం సాయంత్రం మేం బందరు వెళ్లే పాసింజరు ఎక్కుతాం. కౌతవరం దాకా నా పక్కనే కూర్చుని కబుర్లు చెబుతారు, నా చేతిలో వేరుశనక్కాయలు ఒలిచి పెడతారు. పెడన దాటాక గొంతు మారుతుంది, కూర్చునే తీరు మారుతుంది. బందరు స్టేషన్లో దిగేది మా అత్తగారి కొడుకు. సంచీ ఆయనే మోస్తారు గానీ, వాళ్ల వీధి మలుపు దగ్గర ఆగి నా చేతికి ఇచ్చేస్తారు. మొదట్లో చెప్పులో రాయి దూరినట్టు వంగి, ఆ వంకన సంచీ అందించేవారు. తర్వాత్తర్వాత ఆ వంకలు కూడా అక్కర్లేకపోయాయి. మలుపు రాగానే నేనే చెయ్యి చాపేదాన్ని.

మాదీ వాళ్లదీ చేపల మీద బతికిన కుటుంబాలే. మావయ్యగారు రేవులో పడవలకు ఐసు అమ్మి బందర్లో ఇల్లు కట్టారు. మా నాన్న దివిసీమ చివర, నాగాయలంక దగ్గర మా ఊళ్లో ఉండి, పడవల వాళ్ల దగ్గర చేపలు కొని పైఊళ్లకు పంపేవారు. సమానమైన సంబంధం అని అందరూ అన్నారు. డబ్బు లెక్కన చూస్తే సమానమే మరి.

పెళ్లైన కొత్తలో ఒకసారి బందర్లో మా ఆయన తిన్న కంచం తీసుకుని పెరట్లోకి బయల్దేరారు. గుడివాడ అలవాటు, మరిచిపోయారు పాపం. మా అత్తగారు పరుగున వచ్చి ఆ కంచం లాక్కున్నారు.

"ఏంట్రా ఇది? ఇంట్లో ఆడది లేదా?"

ఉంది. కడుపుతో ఉండి, పొద్దున్నుంచి వాంతులతో సోలిపోయి, గోడకు చేరబడి కూర్చుని ఉంది. ఆవిడ ఆ కంచం తెచ్చి నా ముందు పెట్టి వెళ్లారు. కోపంగా కూడా కాదు. ఎక్కడ ఉండాల్సిన వస్తువును అక్కడ పెట్టినట్టు పెట్టారు. మా ఆయన నావైపు చూసి, చెయ్యి కడుక్కుని, టీవీ ముందు కూర్చున్నారు.

తిరుగు రైల్లో అడిగితే, "అమ్మ బాధపడుతుంది. వారానికి ఒక్క రోజేగా, సర్దుకుందాం" అన్నారు. సర్దుకుందాం అన్న మాటలో ఇద్దరం ఉన్నాం. సర్దుకునేటప్పుడు మాత్రం నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆ ఒక్క రోజు మా అత్తగారు నడుం వాల్చేవారు, నేను వారం సరిపడా పచ్చళ్లూ పొడులూ చేసి, ఫ్రిజ్ కడిగి, అందరి తర్వాత తినేదాన్ని. నువ్వేం తింటావమ్మా అని ఆ ఇంట్లో నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగినా ఏం చెప్పాలో నాకు తోచదు.

సరే, అత్తారింట్లో కోడలు అంతేలే అనుకున్నా, పుట్టింటికి వెళ్తే నేను కూతుర్ని కావాలి కదా. అదీ లేదు. మా ఆయన పులిగడ్డ వంతెన దాటి మా ఊళ్లో అడుగుపెట్టగానే అల్లుడుగారైపోతారు. అల్లుడుగారు వస్తున్నారంటే నాన్న చీకటితో లేచి రేవుకు వెళ్లేవారు. పండుగప్పను మొప్పలెత్తి చూసి, కళ్లు చూసి, పొట్ట నొక్కి చూసి తెచ్చేవారు. ఏళ్ల తరబడి చేపలమ్మిన మనిషి, ఇంట్లోకి మాత్రం అమ్ముడుపోని చిన్న చేప తప్ప తెచ్చి ఎరగరు. అల్లుడికి మాత్రం పండుగప్పే. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచేది కాదు. నేను బస్సు దిగిన చీరతోనే పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోసేదాన్ని. ఆ ఇంట్లోనూ నేను అల్లుడుగారి భార్యనే.

అల్లుడుగారికి నిన్నటి కూర పెట్టకూడదు. అల్లుడుగారు అడగకముందే వడ్డించాలి. అన్నిటికన్నా పెద్దది, అన్నం ముందు కూర్చున్న అల్లుణ్ణి మధ్యలో లేవనివ్వకూడదు. ఆకలితో లేస్తే ఆ ఇంటికి అరిష్టమట. ఇవేవీ ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. అమ్మకు వాళ్లమ్మ చెప్పింది. అమ్మ నాకు చెప్పింది.

పోయిన ఏడాది వానలకు ముందు నాన్నకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. హాస్పిటల్లో తీయించాం, మళ్లీ చేరింది. ఇక ఇంటికి తీసుకెళ్లి కావాల్సింది పెట్టండి అన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. నేను స్కూలుకు సెలవు పెట్టి మా ఊరు వెళ్లాను. మా అబ్బాయి కాలేజీ హాస్టల్లో ఉంటాడు, ఈసారి ఒక్కదాన్నే వెళ్లాను. నాకు కావాల్సింది ఒక్కటే. నాన్న పోయేటప్పుడు పక్కన ఉండాలి. అత్తారింట్లో ఎవరి జ్వరానికి ఎవరు కూర్చోవాలో చెప్పక్కర్లేదు, అన్నిటికీ నేనే కూర్చున్నాను. మా నాన్నకు ఒక్కసారి కూర్చుంటే చాలనుకున్నాను.

ఆ కొద్ది రోజులూ మా ఇంట్లో మేం ముగ్గురమే. గంజి కాచి స్పూనుతో పట్టేదాన్ని. గోళ్లు తీసేదాన్ని. నాన్న దిండు ఎత్తుగా పెట్టుకుని, ఆయాసం తగ్గినప్పుడల్లా ఏవో చెప్పేవారు. చిన్నప్పుడు నేను రేవులో తప్పిపోయి రొయ్యల బుట్టల మధ్య నిద్రపోయిన సంగతి చెప్పి, మీ అమ్మ నన్ను కొట్టినంత పని చేసిందే అని నవ్వబోయి దగ్గారు. నా పెళ్లయ్యాక నాన్న నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఎప్పుడొచ్చినా నేను వంటింట్లో ఉండేదాన్ని, ఆయన వసారాలో అల్లుడుగారి పక్కన ఉండేవారు. ఇంక మాటలెప్పుడు?

శుక్రవారం నాడు మా ఆయన ఫోన్ చేశారు. "ఆదివారం అమ్మా నాన్నా నేనూ వస్తాం. మావయ్యగారిని చూడాలి. చూడకపోతే బాగుండదు."

పెద్దవాళ్లు చూడటానికి రావడం తప్పా? తప్పు కాదు. కానీ వాళ్లు వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పొయ్యి మీద పెద్ద గిన్నెలు ఎక్కుతాయి, అమ్మా నేనూ వంటింట్లోకి పోతాం, నాన్న ఒక్కరూ మంచం మీద మిగిలిపోతారు.

"ఏవండీ, అమ్మకు అసలు ఓపిక లేదు. మీరు బందర్లోనే తినేసి బయల్దేరండి. ఇక్కడ కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్దురుగాని" అన్నాను.

అవతలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఫోన్ స్పీకర్లో ఉందని నాకేం తెలుసు.

"ఏమ్మాయ్, మేం అన్నానికి మొహం వాచి వస్తున్నామనుకున్నావా? మనిషి బాగోలేదని చూసిపోదామని వస్తుంటే తిని రమ్మంటావా? ఇదేం పెంపకం?"

ఆ చివరి మాట గదిలో నాన్నకు కూడా వినిపించింది. వారం రోజులుగా గుసగుసగా తప్ప మాట్లాడలేని మనిషి, "ఫోన్ ఇటివ్వు" అని గట్టిగా అన్నారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "చెల్లెమ్మగారూ, అది చిన్నపిల్ల, తెలీక అంది. మీరు తప్పకుండా భోజనానికే రావాలి. రాకపోతే నా మీద ఒట్టే" అన్నారు. పెట్టేశాక చాలాసేపు ఆయాసపడ్డారు. నావైపు చూసి, "వియ్యాలవారిని తిని రమ్మంటావా? నేనింకా బతికే ఉన్నానమ్మా" అన్నారు. ఆ చిన్నపిల్లకు అప్పటికి తలలో సగం వెంట్రుకలు నెరిశాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించను? మంచం మీద ఎముకల గూడులా ఉన్న మనిషి మీదా?

శనివారం నాన్న రేవులో పాత స్నేహితుడికి నాచేత ఫోన్ చేయించి పండుగప్పకు చెప్పారు. చేప వచ్చాక మంచం దగ్గరికి తెప్పించుకుని, మొప్ప ఎత్తి చూసి, బాగుంది అని తలూపారు. ఆ రోజు గంజి రెండు స్పూన్లు కూడా తాగలేదు.

ఆదివారం పొద్దెక్కాక కారులో దిగారు. మా అత్తగారు బత్తాయిల సంచీ అమ్మకు ఇచ్చి, నాన్న పక్కన కుర్చీలో కూర్చుని, "ఎలా ఉందన్నయ్యగారూ, ఏం పర్లేదు, తగ్గిపోతుంది" అన్నారు. మావయ్యగారు రేవులో చేపల ధరల గురించి ఏదో చెప్పారు. మా ఆయన మాత్రం మంచం మీదే కూర్చుని నాన్న కాళ్లు పట్టారు. నాన్న కాళ్లు వెనక్కి లాక్కోబోయారు, అల్లుడుగారు కాళ్లు పట్టడమేంటని. ఆయన వదల్లేదు. ఆయనకు మా నాన్నంటే ఇష్టమే, అబద్ధం చెప్పను.

తర్వాత ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి మెల్లగా అడిగారు. "నేనేమైనా చెయ్యనా? ఉల్లిపాయలు తరగనా?" అచ్చం గుడివాడ గొంతు. నాకు ప్రాణం లేచొచ్చింది. కత్తిపీట ఆయన వైపు జరిపి, నేను లేచి నాన్న దగ్గరికి వెళ్దామనుకున్నాను. అమ్మ బెదిరిపోయి కత్తిపీట మీద చెయ్యి వేసింది. "అయ్యో బాబూ, మీరెందుకు, వెళ్లి ఫ్యాన్ కింద కూర్చోండి" అంది. వసారాలోంచి అత్తగారు పిలిచారు. "ఒరేయ్, ఆ పొగలో ఏం చేస్తున్నావురా అక్కడ?" ఆయన వెళ్లిపోయారు.

ఆకులు వేసే వేళకు నాన్నకు ఎగశ్వాసలా ఉంది. ముందు గదిలో మంచం, బయట వసారాలో భోజనాలు. మధ్యలో గుమ్మం ఒక్కటే. నేను అమ్మతో అన్నాను, "నువ్వు వడ్డించు, నేను నాన్న దగ్గర కూర్చుంటా."

"అత్తగారు తింటుంటే కోడలు వడ్డించకపోతే ఏం బాగుంటుందే? మళ్లీ ఒక మాట పడటం ఎందుకు? నేను కూర్చుంటాలే. పదినిమిషాల్లో అయిపోతుంది" అని అమ్మ నన్ను బయటికి పంపింది.

వడ్డించాను. రొయ్యల వేపుడు, పప్పు, పండుగప్ప పులుసు. మా ఆయన ముద్ద ముద్దకూ లోపలికి చూస్తున్నారు. మావయ్యగారు ముల్లు తీసుకుంటూ నిదానంగా తింటారు. మధ్యలో అమ్మ గుమ్మం దాకా వచ్చింది. నావైపు చూసింది, ఏదో అనబోయినట్టు అనిపించింది. మా ఆయన ఆకు వైపు చూసి, "అల్లుడుగారికి నడిమి ముక్క వెయ్యమ్మా" అని మళ్లీ లోపలికి వెళ్లింది. నేను ముక్క వేశాను. కాసేపటికి గది తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. చేపల వాసనకు ఈగలు ముసురుతున్నాయి కదా, వాటికి భయపడి వేసిందనుకున్నాను.

తర్వాత అమ్మ పెరుగు గిన్నె తెచ్చి నా చేతికి ఇచ్చింది. పమిట భుజం చుట్టూ కప్పుకుని ఉంది. "పెరుగు వడ్డించు" అంది.

"గేదె పెరుగేనా వదినగారూ, గడ్డగా భలే తోడుకుంది" అన్నారు అత్తగారు.

"గేదెదేనండీ. పక్కింటివాళ్లు పోస్తారు" అంది అమ్మ. మామూలు గొంతుతోనే అంది. నేను అందరికీ వడ్డించాను, మా ఆయనకు మారు కూడా వడ్డించాను. వాళ్లు లేచారు. చేతుల మీద అమ్మే నీళ్లు పోసింది, తువ్వాలు అందించింది. ఆకులు మడిచి తీసుకెళ్లి పెరట్లో పడేసింది. అప్పుడు వచ్చి గుమ్మంలో కూలబడి, నుదురు గోడకేసి కొట్టుకుని ఏడ్చింది.

నేను లోపలికి పరుగెత్తాను. నాన్న కళ్లు మూసి ఉన్నాయి. మూసింది అమ్మే. చెయ్యి పట్టుకున్నాను. వేళ్లు చల్లబడ్డాయి. అప్పుడు తెలిసింది నాకు, ఇది ఇప్పుడు జరిగింది కాదని. నేను పెరుగు వడ్డించేటప్పటికే నాన్న లేరు. అంటే గేదె పెరుగు గురించి మాట్లాడేటప్పటికి అమ్మకు భర్త లేడు.

పెద్దకర్మ నాడు షామియానా కింద మా అత్తగారి చుట్టూ ఆడవాళ్లు మూగారు. ఆవిడకు అమ్మే చెప్పి ఉంటుంది, లేదా ఆవిడే ఊహించుకుని ఉంటారు. "ఆ తల్లి ఏం మనిషండీ! మొగుడు పోయాడని తెలిసి కూడా, మావాడు పెరుగన్నం తిని చెయ్యి కడిగేదాకా పెదవి విప్పలేదు. మర్యాదంటే అదీ. ఈ కాలం పిల్లలకు రమ్మంటే వస్తుందా?" అంటూ ఈ కాలం పిల్లనైన నన్ను చూశారు. అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. అంతమందిలో ఒక్కరైనా, అయ్యో పాపం ఆ గదిలో ఒక్కతే ఎలా నిలబడిందో అంటారని చూశాను. ఎవరూ అనలేదు. అమ్మ తల వంచుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ మొహంలో కాస్తంత తృప్తి కనబడింది. నాన్న పోయినప్పటికన్నా అది చూసినప్పుడే నాకు ఎక్కువ దిగులేసింది.

గుడివాడ వచ్చాక, ఒక పొద్దున టీ గ్లాసు నా ముందు పెట్టి మా ఆయన అక్కడే నిలబడిపోయారు. కళ్లలో నీళ్లు.

"నేనేమన్నా అడిగానా చెప్పు? పండుగప్ప కావాలని అడిగానా? లెమ్మంటే లేచేవాణ్ణి కదా" అన్నారు.

నిజమే, ఆయన ఏమీ అడగలేదు. మా పెళ్లయినప్పటి నుంచి ఏ ఇంట్లోనూ ఆయనకు ఏదీ అడగాల్సిన పని పడలేదు. ఆ మాట నేను పైకే అన్నాను. ఆయన గ్లాసు పట్టుకుని డాబా మీదికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి పండుగప్ప తినడం మానేశారు. ఎవరైనా అడిగితే పడటం లేదంటారు. పండుగప్ప ఏం చేసింది పాపం? బందరు ప్రయాణాలు మాత్రం మానలేదు. సంచీ ఇప్పటికీ మలుపు దగ్గర నా చేతికి వస్తూనే ఉంది.

ఈ మధ్య నేను ఒక్కదాన్నే మా ఊరు వెళ్లాను. అమ్మ పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. తనకోసం వండుకోవడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. నేనూ కూర్చుని ఒలవసాగాను. ఇన్నాళ్లూ మింగలేక కక్కలేక ఉన్న మాట అడిగేశాను.

"వాళ్లకు చెప్పకపోతే మానె. నన్నెందుకు పిలవలేదమ్మా? గుమ్మం ఇవతలేగా ఉన్నాను."

అమ్మ చేతులు ఆగలేదు. "పిలుద్దామనే వచ్చానే. మీ నాన్నే 'అమ్మాయిని పిలువు' అన్నారు. ఆయాసం బాగా ఎక్కువైంది, మాట కూడా సరిగ్గా రాలేదు. గుమ్మం దాకా వచ్చి చూస్తే నువ్వు అల్లుడుగారికి పులుసు వేస్తున్నావు. వెనక్కెళ్లి, 'వడ్డిస్తోందండీ, పిలవమంటారా' అన్నాను."

"ఏమన్నారు?"

"'వద్దులే, అల్లుణ్ణి తిననీ' అన్నారు." ఒలిచిన రొయ్యను గిన్నెలో వేసింది. "అంతే. ఇంకేం అనలేదు."

అమ్మ ఇంకో రొయ్య తీసుకుంది. నా చేతిలో రొయ్య అలాగే ఉంది. ఆ రోజు ఆ ఇంట్లో తనకోసం నోరు తెరిచి అడిగిన మనిషి మా నాన్న ఒక్కరే. ఆయన అడిగింది నన్ను. నేను గుమ్మం ఇవతల, గరిటె పట్టుకుని, మా ఆయన ఆకులో నడిమి ముక్క వేస్తున్నాను.